తూనీగకి కాస్త కండ పట్టాలి

"ఈ తూనీగ మీదేనా?"

తలుపు కొట్టకుండా లోపలికి వచ్చిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది. జుట్టు కొసల నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఉన్న అట్టపెట్టె మీద మాత్రం ఒక్క చుక్క లేదు. తన రెయిన్‌కోటు విప్పి దానికి తొడిగి తెచ్చింది.

అతను కుర్చీలోంచి లేచాడు. "తూనీగ అంటే... ఫాంటేనా అండీ?"

"కాదు, రెక్కలున్నదే. పట్టుకొచ్చాను. చూస్తారా?"

తూనీగ అతను రెండేళ్ళు కూర్చుని గీసిన ఫాంటు. చేత్తో రాసినట్టే ఉంటుంది. గీతలు ఒకచోట కాస్త నిండుగా మొదలై, మలుపు తిరిగేసరికి వెంట్రుకంత సన్నబడతాయి. తలకట్లు గాలికి ఒరిగిన గడ్డిపరకల్లా ఉంటాయి. విడుదలైన ఏడాదిలోనే సబ్బు పెట్టెలు, అత్తరు సీసాలు, కేకు డబ్బాలు, నవలల అట్టలు, ఎక్కడ చూసినా అదే. నాజూకుగా కనిపించాలనుకున్న ప్రతి వస్తువూ తూనీగనే కోరుకుంది.

ఆమె పెట్టె మూత తీసి ఒక కార్డు అతని చేతిలో పెట్టింది. ముదురు ఎరుపు కాగితం మీద బంగారు అక్షరాలు. పెళ్ళి కార్డు.

"చదవండి."

"వధువు" అని చదివాడు. పెద్ద అక్షరాలు. చక్కగా పడ్డాయి. అతనికి లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

"అది బాగానే ఉంటుంది. అమ్మాయివాళ్ళ కార్డు కాబట్టి అమ్మాయిని పెద్దగా వేయించారు. కింద చిన్నగా ఉన్నది చదవండి."

అతను కార్డుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "పరుడు."

"ఇంకోసారి."

"పరుడు" అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

"'వ'లో గుండ్రాన్ని మూసే గీత ఉందే, అది కాగితం మీద పడనే లేదు. అంత సన్నంగా గీశారు. 'వ' కాస్తా 'ప' అయి కూర్చుంది. పొద్దున్నే పెళ్ళికూతురి నాన్నగారు వచ్చి, మా అల్లుడు మీ కంటికి పరాయివాడిలా కనిపిస్తున్నాడా అని మా నాన్నని నిలదీశారు. పెళ్ళికి పద్దెనిమిది రోజులుంది. ఇవన్నీ చెత్తబుట్టలోకే."

"అయ్యో. కానీ ఈ సైజులో వాడకూడదండీ. ఇది పెద్ద అక్షరాల కోసం గీసింది. ఇరవై నాలుగు పాయింట్ల కంటే తగ్గించొద్దని రాశాను కూడా."

"ఎక్కడ?"

"ఫాంటుతో పాటు వచ్చే సూచనల్లో. పదకొండో పేజీ."

"పదకొండో పేజీ దాకా చదివేవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోరండీ."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. అతను గబగబా నవ్వు మింగేసి, కార్డుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను మీ ప్రెస్సుకొచ్చి చూడొచ్చా? ఈ గీత ఎక్కడ పోతోందో నా కళ్ళతో చూడాలి."

ఆమె దారంతా ఒక పెద్ద పోట్లాటకి మాటలు కూడగట్టుకుని వచ్చింది. అవన్నీ అక్కరకు రాకుండా పోయాయి. "గొడుగుంటే తెచ్చుకోండి" అని మాత్రం అంది.

*

ప్రెస్సు ఒక టైలర్ షాపు పైన ఉంది. ఇరుకు మెట్లెక్కగానే సిరా వాసన, కాగితం వాసన కలిసి ఎదురొచ్చాయి. వీధిలో అందరూ ఆమెని ప్రెస్సమ్మాయి అంటారు. ఆమె తల్లి పోయి చాలా ఏళ్ళయింది. తండ్రీ కూతురూ కలిసి ఆ రెండు గదుల్ని, మూడు మెషిన్లని నడుపుకొస్తున్నారు.

తండ్రి తక్కువ మాటల మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, దాన్నే వెతుక్కుంటున్నాడు. కూతురు దాన్ని కిందికి లాగి ముక్కు మీద పెట్టి, "ఈయనే నాన్నా, తూనీగ" అంది.

ఆయన అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "మీరూ సన్నంగానే ఉన్నారు" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

లోహపు బ్లాకు వేడెక్కింది. దాని కింద బంగారు రంగు ఫాయిలు, ఫాయిలు కింద కాగితం. మెషిన్ ఒక్కసారి నొక్కి వదిలింది. అతను భూతద్దం పెట్టి చూశాడు. స్క్రీన్ మీద తాటికాయంత చేసుకుని, నెలల తరబడి వంపులు దిద్దుకున్న 'వ' అక్కడ నోరు తెరుచుకుని ఉంది. పక్కన 'మ' కూడా సగం సగం. తన అక్షరం కాగితం మీద కూలిపోవడం అతను కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

"ఇది మీ తప్పు కాదండీ. నాదే" అన్నాడు.

"ఆ మాట రాసివ్వండి. పెళ్ళికూతురి నాన్నగారికి చూపిస్తా."

అతను ఆమె కంప్యూటర్ ముందే కూర్చుని, ఆ కార్డులోని చిన్న అక్షరాలన్నిటికీ సన్నగీతల్ని కాస్త కాస్త లావు చేశాడు. ఆమె వెనక నిలబడి, "ఇంకొంచెం. మొహమాటపడకండి. మీ తూనీగకి కాస్త కండ పట్టాలి" అంటూ పోయింది. మూడో రోజుకి కొత్త కార్డులు వచ్చాయి. పెళ్ళికూతురి నాన్నగారు 'వరుడు' అన్న మాటని వేలితో తడిమి చూసి, "ఇప్పుడు మా ఇంటివాడిలా ఉన్నాడు" అని తీసుకెళ్ళారు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. అతను సంచీ భుజానికి తగిలించుకున్నాడు కూడా.

"మా కార్డు బాగుచేశారు సరే. రేపు ఇంకో ప్రెస్సులో ఇంకో పెళ్ళికొడుకు పరాయివాడైతే?" అంది ఆమె.

అతను సంచీ దించాడు. "చిన్న సైజులకి విడిగా ఒక తూనీగ గీయాలి. ప్రతి అక్షరం మళ్ళీ మొదటినుంచి. కాగితం మీద వేసి చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే..."

"బుధవారాలు మాకు పని తక్కువ" అంది ఆమె, ఎటో చూస్తూ.

*

అలా బుధవారాలు మొదలయ్యాయి.

అతను గీసిన అక్షరాలు పట్టుకొచ్చేవాడు. ఆమె వాటిని రకరకాల కాగితాల మీద వేసి, పక్కన ఎర్రపెన్నుతో తన మాట రాసి, వారం తిరిగేసరికి ఇచ్చేది. ఎదురుగా మాత్రం ఎప్పుడూ రాసేది కాదు. అతను వెళ్ళాక రాసి, కవర్లో పెట్టి ఉంచేది.

ఆమె చేతిరాత కోడి కెలికినట్టు ఉండేది. మొదట్లో సగం మాటలు అతను ఊహించుకునేవాడు. ఊహించుకున్నాక మాత్రం ఒక్కడే పగలబడి నవ్వుకునేవాడు. 'ఈ ళ కి ఆకలి వేస్తోంది.' 'క్ష ని చూస్తే రద్దీ బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డట్టుంది.' 'ఈ ఒత్తు కాలు జారింది, ఎవరైనా లేపండి.' పదేళ్ళుగా అక్షరాలు గీస్తున్నాడు. అక్షరాల గురించి ఇంత సూటిగా, ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు అతనికి తగల్లేదు.

ఆ కాగితాలన్నీ తన బల్ల ముందు గోడకి గుచ్చుకున్నాడు. ఇంట్లో ఉండేది అతనూ, అక్కా. అసలు తూనీగ పుట్టింది ఆ అక్క చేతిరాతలోంచే. 'పాలు కాచి పెట్టు', 'గొడుగు మర్చిపోకు' అని ఆవిడ ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళే చీటీలు చూసి గీశాడు దాన్ని.

అక్క ఆ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "తిట్లని ఇంత ముద్దుగా దాచుకునేవాణ్ణి నిన్నే చూశాన్రా."

"తిట్లు కాదక్కా. సలహాలు."

"ఆహా. మరి కరెంటు బిల్లు కట్టమని నేనిచ్చిన సలహా ఏ గోడకి గుచ్చావు?"

ఒక బుధవారం కరెంటు పోయింది. మెషిన్లు ఆగాయి. "రండి, మీ తూనీగ ఎక్కడెక్కడ వాలిందో చూసొద్దాం" అని ఆమె గొడుగు తీసింది. సన్నగా వాన. ఒకటే గొడుగు. అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడుస్తున్నాయి. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

వీధి మలుపులో ఒక బోర్డు చూసి ఆమె ఆగిపోయింది. 'ఇనుము, సిమెంటు, డ్రిల్లింగ్ మెషిన్లు.' అంతా తూనీగలోనే.

"ఇనుము గాలికి ఎగిరిపోయేలా ఉంది" అందామె.

"సిమెంటు మరీను. అత్తరు చల్లినట్టుంది."

ఆ పక్కనే పళ్ళ డాక్టరు బోర్డు. అదీ తూనీగే. అతను తల పట్టుకోబోతే ఆమె ఆపింది. "ఇది ఉండనివ్వండి. ఇంత నాజూగ్గా రాయించినాయన పన్ను కూడా మెల్లగానే పీకుతాడని నమ్మకం కలుగుతోంది."

పుస్తకాల షాపు అద్దానికి మాత్రం ఆమె బాగా దగ్గరగా వెళ్ళింది. లోపల ఒక నవల. తెల్లటి అట్ట మీద పేరు ఒక్కటే, తూనీగలో, చుట్టూ బోలెడంత ఖాళీతో. చాలాసేపు చూసింది.

"ఇక్కడ మాత్రం ఇది రాసినట్టు లేదు. ఎవరో మన చెవిలో చెప్పినట్టుంది" అంది చివరికి.

అతను అద్దంలో పుస్తకాన్ని చూడటం లేదు. అద్దంలో ఆమెని చూస్తున్నాడు. ఆమె తల తిప్పేసరికి గొడుగు కాడని శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టాడు.

"గొడుగులో కూడా తప్పులున్నాయా?" అంది ఆమె.

*

అక్షరాలు గీసేవాళ్ళంతా ఏడాదికోసారి ఒకచోట కలుస్తారు. ఆ ఏడు అతనికి అరగంట మాట్లాడే అవకాశం వచ్చింది. చిన్న తూనీగని చూపించాలి. "మీరు రాకపోతే నేను మాట్లాడను" అన్నాడు ఆమెతో.

ఆమె వచ్చింది. గోళ్ళ సందుల్లో సిరా పోయేదాకా చేతులు రుద్దుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మూడో వరసలో కూర్చుంది. చుట్టూ అందరూ చదువుకున్నవాళ్ళలా, అక్షరాల్ని శాసించేవాళ్ళలా కనిపించారు. అయినా అతను వేదిక ఎక్కుతూ తనవైపు చూసినప్పుడు బెరుకంతా పోయింది.

పావుగంట బాగానే గడిచింది. తర్వాత అతను ఒక మీట నొక్కాడు. తెర నిండా, గోడంత పెద్దగా, ఆమె చేతిరాత. ఎర్ర సిరా. వంకరటింకర. రద్దీ బస్సులో క్ష.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది.

ఆ వెనక ఇంకొకటి. ఇంకా నవ్వులు. అతనూ నవ్వుతున్నాడు, మొహం వెలిగిపోతోంది. "ఈ మాటలు రాసినావిడ మన మధ్యనే ఉన్నారు" అంటూ మూడో వరస వైపు చెయ్యి చాచాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి ఒకే ఒక్క మెసేజి వచ్చింది. 'ఇకనుంచి ప్రూఫులు నాన్న చూస్తారు.'

*

బుధవారం అతను ప్రెస్సుకి వెళ్ళేసరికి తండ్రి ఒక్కడే ఉన్నాడు. కవరు అందించాడు. లోపలి కాగితాల మీద మాటల్లేవు. టిక్కులు మాత్రమే, బుద్ధిగా, ఒక వరసలో.

"కూర్చోండి" అన్నాడు ఆయన. అతను కూర్చున్నాక చాలాసేపు మెషిన్‌కి నూనె వేస్తూ ఉండిపోయాడు. "దాని చేతిరాత గోడంత చేసి చూపించారట."

"బాగున్నాయని చూపించానండీ. ఆ మాటలు..."

"మాటలు బాగుంటాయి. దానికి నోరు బాగా ఉంది. రాతే లేదు." నూనె డబ్బా కింద పెట్టాడు. "చిన్నప్పుడు అది ఎడంచేత్తో రాసేది. స్కూల్లో టీచరు ఒప్పుకోలేదు. కుడిచేత్తోనే రాయాలని పట్టుబట్టారు. ఒకరోజు దాని నోటుపుస్తకం తీసి, ఇదిగో చూడండి అని క్లాసంతా తిప్పి చూపించారు. పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. నేను వెళ్ళి ఆ టీచర్ని అడగాల్సింది. ఆ రోజు అర్జెంటు పనేదో ఉంది, మెషిన్ ఆపలేదు."

అతను టిక్కుల కాగితాల్ని మళ్ళీ కవర్లో పెట్టాడు.

"అప్పట్నుంచి ఎవరి కోసమూ రాయదు. వచ్చినవాళ్ళ ఆర్డరు కూడా నన్నే రాయమంటుంది."

"మరి నాకు రాశారే."

"అదే నాకూ ఆశ్చర్యం" అన్నాడు తండ్రి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఇంటికి వెళ్ళి అతను జరిగిందంతా అక్కకి చెప్పాడు. తిట్టకుండా వింది ఆవిడ. విన్నాక అడిగింది. "నా చేతిరాతని ఫాంటు చేసేముందు నన్నడిగావా?"

"లేదు. నీకు తెలుసు కదా."

"నాకెప్పుడు తెలిసింది? సబ్బు కొనుక్కుంటే దాని పెట్టె మీద నా రాత కనిపించింది. నాకు సరదా వేసింది కాబట్టి ఊరుకున్నాను. అందుకే నీకు అలవాటైపోయింది. బాగున్నదల్లా నీదే అనుకుంటావు."

అతను లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క కాగితానికీ ఉన్న గుండుసూదులు తీయడం మొదలుపెట్టాడు.

*

మర్నాడు ప్రెస్సులో పెద్ద మెషిన్ నడుస్తోంది. దాని మోతకి కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఆమె కాగితాలు అందిస్తోంది, ఎడంచేత్తో. ఇన్ని బుధవారాలూ అతను ఆ చేతిని చూశాడు. ఏ చెయ్యి అన్నది మాత్రం గమనించలేదు.

అతను కవరు బల్ల మీద పెట్టాడు. "ఇవి మీవి. మిమ్మల్ని అడక్కుండా నలుగురికీ చూపించాను. తప్పు చేశాను."

ఆమె తల ఎత్తలేదు. "మీరు కూడా నవ్వారు."

"నవ్వాను. క్ష ఒంటికాలి మీద నిలబడ్డందుకు. వాళ్ళూ అందుకే నవ్వారు."

"కావచ్చు. ఆ తేడా నాకు ఆ కుర్చీలో కూర్చుంటే తెలియలేదు. ఎనిమిదేళ్ళ పిల్లలా లేచి వచ్చేశాను."

"నాన్నగారు చెప్పారు."

"చెప్పకుండా ఉండాల్సింది."

"ముందే అడిగి ఉంటే ఏమనేవారు?"

ఆమె ఒక కాగితం అందించింది. ఇంకొకటి అందించింది. "మాటలు చెప్పుకోండి, రాత చూపించకండి అనేదాన్ని. అంతే కదా. అడగడానికి మీకేం పోయింది?"

"ఏమీ పోయేది కాదు. ఇకనుంచి అడుగుతాను."

ఆమె కవరుని తనవైపు లాక్కుంది. తర్వాత ఆమే మొదలుపెట్టింది. "ఆ రోజు ఇంటికొచ్చి ఎడంచేత్తో రాసి చూశాను. ఇన్నేళ్ళకి. ఇంకా ఘోరంగా ఉంది."

అతను నోరు తెరిచి, మూసుకున్నాడు.

"చూపించమని అడగరేం?"

"అడగొచ్చా?"

"అడగొచ్చు. ఇప్పుడు మాత్రం చూపించను."

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "అయితే ఇంకొకటి అడగాలి."

"వినపడట్లేదు."

"ఇంకొకటి అడగాలి అంటున్నా. మీరంటే నాకు చాలా ఇష్టం. మీకు..."

"ఏంటీ?"

"మీరంటే ఇష్టం."

"ఈ మోతలో ఏమీ తెలియట్లేదండీ. కాస్త గట్టిగా."

అతను గొంతు సవరించుకుని, ఆమె పెదవి చివర ఏదో కదలడం చూసి ఆగిపోయాడు. "మీకు మొదటిసారే వినపడింది."

"వినపడింది. మూడుసార్లు వినాలనిపించింది." ఆమె కాగితాలు పక్కన పెట్టి అతనివైపు తిరిగింది. మెషిన్‌ని మించి వినపడాలని గొంతు పెంచింది. "బుధవారం మిమ్మల్ని చూడకపోతే నాకు పని సాగదు. ఈ వారమంతా ఒక్క కార్డు సరిగ్గా వెయ్యలేదు. నాక్కూడా మీరంటే ఇష్టమే."

మెషిన్ ఆ చివరి మాటకి ముందే ఆగిపోయింది. 'నాక్కూడా మీరంటే ఇష్టమే' అన్నది గదంతా, మెట్లంతా, కింద టైలర్ షాపు దాకా మోగింది. కింద కుట్టుమిషన్ కూడా ఆగిపోయింది.

స్విచ్ దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు.

"నాన్నా" అంది ఆమె. ఆ ఒక్క మాటకే చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంతసేపని అరుస్తారు. గొంతులు పోతాయి" అన్నాడు ఆయన. అతనివైపు తిరిగాడు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"అక్క ఉందండీ."

"ఆదివారం అక్కగారిని తీసుకురండి. మాట్లాడుకుందాం."

"తీసుకొస్తానండీ."

"ముందు ఆవిణ్ణి అడుగుతారు" అంది కూతురు, నేల చూస్తూ.

"అడిగే తీసుకొస్తాను" అన్నాడు అతను.

తండ్రి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. అయిపోయిన కార్డుల కట్ట ఒకటి బల్ల మీద ఉంది, ఒక్కడు ఎత్తలేనంత బరువుది. ఆయన దానివైపు చూసి, అతనివైపు చూసి, అన్ని బుధవారాల్లోనూ ఒక్కసారి కూడా అనని విధంగా అన్నాడు.

"ఖాళీగా నిలబడ్డావేం బాబూ. ఆ కొస నువ్వు పట్టుకో."

అతను పరుగెత్తినట్టే వెళ్ళి కట్ట పట్టుకున్నాడు. రెండో కొస ఆమె పట్టుకుంది.